మిశ్రయాత్రలు: ప్రయాణవ్యయములు, ఆదాయపుపన్ను మినహాయింపు

వ్యాపారము, వృత్తి, ఉద్యోగము అను మూడింటిలో ఏదో ఒకదాని పనిమీద బయలుదేరిన వ్యక్తి ఆ ప్రయాణములోనే విహారమునో, తీర్థసేవనో, బంధుదర్శనమునో, పెండ్లి పేరంటమునో కలుపుకొన్నచో అది మిశ్రయాత్ర యగును. స్వామికార్యమును స్వకార్యమును ఒక్క ప్రయాణమున చక్కబెట్టుకొనుట లోకమున నేర్పరితనముగనే ఎన్నబడును గాని, ఆదాయపుపన్ను లెక్కకు కూర్చున్నపుడు ఆ నేర్పే చిక్కుముడిగా పరిణమించును. టికెట్టు, హోటలు గది, భోజనము, టాక్సీ, వీసా రుసుము మున్నగు ఖర్చులలో ఎంతభాగమును వ్యాపారపు ఆదాయమునుండి తీసివేయవచ్చును, ఎంతభాగమును యజమాని తన స్వంతఖాతాకు మళ్ళించుకొనవలెను, కంపెనీ తన ఉద్యోగికి చెల్లించిన సొమ్ములో ఏది నిజమైన టూరు ఖర్చు, ఏది జీతమునకు మారురూపము అను ప్రశ్నలు ఈ విషయమునకు ప్రాణభూతములు.

ఖర్చు తీసివేయుట యనగా ఆ ఖర్చులో కొంతభారమును ప్రభుత్వ ఖజానా మోయుటయే. నూటికి 30 రూపాయల శ్రేణిలో పన్ను కట్టువాడు లక్షరూపాయల ప్రయాణవ్యయమును లెక్కలో వ్రాసికొన్నచో సెస్సు, సర్‌చార్జీలు విడిచిపెట్టినను 30 వేల రూపాయల పన్ను తగ్గును. ఆ లక్షలో సగము విహారమునకై వ్యయమైనదే యైనచో, ఆ విహారపు ఖర్చులో 15 వేలు ఇతర పన్నుదారులపై పడినట్లే. ఇందువలననే ఆదాయపుపన్ను విధించు ప్రతిదేశమును పనికిని విహారమునకును నడుమ ఏదో యొక గీత గీయవలసి వచ్చినది. ఇంగ్లండు, అమెరికా, భారతదేశము ఈ గీతను గీసిన తీరులు మూడును భిన్నములు. ఇంగ్లండు ప్రయాణికుని ఉద్దేశమును పరీక్షించును. అమెరికా దినములను లెక్కించును. భారతదేశము ఖర్చును పద్దులవారీగా విడదీసి, స్వకార్యపు వంతును అనుభవించినవానిమీదనే మోపును.

మూలసూత్రము

వ్యాపారమునకై సంపూర్ణముగను, కేవలముగను వెచ్చించినది కాని యే ఖర్చును లాభమునుండి తీసివేయరాదను నియమము 1842 నాటి ఆంగ్ల ఆదాయపుపన్ను చట్టముననే కానవచ్చును. ఇందు సంపూర్ణత ఖర్చుయొక్క పరిమాణమునకు, కేవలత దాని ఉద్దేశమునకు సంబంధించినవి: వెచ్చించిన మొత్తమంతయు వ్యాపారమునకే పోవలెను, వెచ్చించుటలోని సంకల్పము వ్యాపారము తప్ప మరియొకటి కారాదు. ఉద్యోగుల విషయమున ఆంగ్లచట్టము మరింత కఠినమైనది. 1853 నాటి చట్టము ఉద్యోగి తన విధినిర్వహణలో చేయు ప్రయాణమునకైన ఖర్చును, అందుకై పోషించు గుఱ్ఱపు ఖర్చును అనుమతించెను గాని, ఆ ఖర్చు అవశ్యమైనది కూడ కావలెనని నిర్బంధించెను. రైలు, మోటారు, విమానము వచ్చిన పిదప గూడ ఆ గుఱ్ఱము నూరేండ్లకు పైగా ఆంగ్లచట్టపాఠమున మేయుచునే యుండెను.

బ్రిటిషు పాలనలో 1860లో జేమ్స్ విల్సన్ భారతదేశమున ఆదాయపుపన్నును ప్రవేశపెట్టినది మొదలు ఆంగ్లసూత్రముల ఛాయ మన చట్టములపై పడుచు వచ్చినది. 1922 నాటి చట్టము మొదట ‘లాభార్జనకు మాత్రమే’ చేసిన ఖర్చును అనుమతింపగా, 1939 నాటి సవరణ ఆ మాటలను మార్చి, వ్యాపారప్రయోజనమునకై సంపూర్ణముగను, కేవలముగను చేసిన ఖర్చు అను విశాలమైన భాషను తెచ్చెను. ఆ భాషయే 1961 చట్టమున 37వ సెక్షనుగా నిలిచినది. 1961 నాటి బిల్లులో ‘అవశ్యముగను’ అను మాట కూడ చేర్చబడినది గాని, ప్రజలనుండి వ్యతిరేకత వచ్చుటచే అది తొలగింపబడెను. ఈ సంగతిని సుప్రీంకోర్టు 1979లో ససూన్ జె. డేవిడ్ కంపెనీ కేసున ప్రస్తావించి, ఖర్చు తప్పనిసరియైనదా యని అడుగుటకు అధికారికి అధికారము లేదనియు, వ్యాపారదృష్టితో స్వచ్ఛందముగా చేసిన ఖర్చు ఇతరులకు లాభించినను మినహాయింపునకు అర్హమే యనియు తీర్మానించెను. కావున విజయవాడ వర్తకుడు బొంబాయికి రైలులో పోవచ్చుగదా, విమానమెందుకని అధికారి ప్రశ్నించుట చెల్లదు. ఆ ప్రయాణము వ్యాపారమునకేనా యని మాత్రము ప్రశ్నింపవచ్చును.

ఆంగ్ల సంప్రదాయము: ఉద్దేశపరీక్ష

ఇంటినుండి కార్యస్థానమునకు నిత్యము చేయు రాకపోకలు వ్యాపారయాత్రలు కావనునది ఆంగ్ల న్యాయస్థానములు తొలుతనే స్థిరపరచిన విషయము. లండనులో నివసించుచు, అక్కడనే వకాల్తు చేయుచు, పోర్ట్స్‌మత్ నగరమున రికార్డరు అను న్యాయపదవి నిర్వహించిన యొక బారిష్టరు తన రైలుచార్జీలను కోరగా, 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్ నిరాకరించెను. పోర్ట్స్‌మత్‌లో కాక లండనులో నివసించుట ఆయన యిచ్ఛయే గాని ఆ పదవి విధించిన నిర్బంధము కాదనుట దానికి కారణము. 1952లో న్యూసమ్ కేసునందును, గ్రామములోని ఇంటినుండి లండనులోని ఛాంబర్లకు పోవు న్యాయవాదికి అదేగతి పట్టెను. ఇంటివద్ద కేసుకాగితములు చదువుకొన్నంత మాత్రమున ఇల్లు కార్యాలయము కాజాలదని కోర్టు భావించినది.

మిశ్రయాత్రకు సూటిగా తగిలిన తీర్పు 1965 నాటి బౌడన్ వర్సెస్ రస్సెల్ అండ్ రస్సెల్ అనునది. ఒక సొలిసిటరు భార్యాసమేతుడై అట్లాంటిక్ దాటి, వాషింగ్టనులో అమెరికన్ న్యాయవాదుల సభకును, అటావాలో కామన్‌వెల్త్ న్యాయసమావేశమునకును హాజరయ్యెను. ఆ ప్రయాణమున సెలవు గడుపుటయు తన యుద్దేశములలో ఒకటియని ఆయనయే ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలుతో కేవలత భగ్నమైనది. సభలకు పోయినది నిజమేయైనను మొత్తము ఖర్చు తిరస్కృతమయ్యెను.

అట్లని ప్రయాణములో కలిగిన ప్రతి ఆనందమును మినహాయింపును హరింపదు. 1983లో మాలలియూ వర్సెస్ డ్రమండ్ కేసున లార్డ్ బ్రైట్‌మన్ ఉద్దేశమునకును, ఫలితమునకును గల భేదమును ఒక కల్పిత దృష్టాంతముతో విశదీకరించెను: దక్షిణ ఫ్రాన్సులో నివసించు స్నేహితుడే తనకు రోగియుగూడ నైన వైద్యుడు, విమానమున పోయి వారముదినములు అతనియింట నుండి చికిత్స చేసివచ్చినచో, కేవలము చికిత్సకొఱకే పోయినయెడల సముద్రతీరవాసము యాదృచ్ఛిక ఫలము మాత్రమే యగును గాన ఖర్చు చెల్లును; ఆ వాసమును గూడ కోరియే పోయినయెడల చెల్లదు. మనస్సులో నున్న సంకల్పమును పట్టి తూచు ఈ పద్ధతి న్యాయముగా తోచినను, ఆచరణలో కఠినము. ఇంగ్లండు 2005 నాటి చట్టమున దీని తీవ్రతను కొంత తగ్గించి, బహుప్రయోజనములకై చేసిన ఖర్చునందు వ్యాపారభాగము స్పష్టముగా గుర్తింపదగినదైనచో ఆ భాగమును అనుమతించినది. సభాప్రవేశ రుసుము అట్టిది. విమానపు టికెట్టు అట్టిది కాదు, ఏలయన ఒక్క టికెట్టుతోనే పనియు విహారమును రెండును సాగినవి గదా.

అమెరికా పద్ధతి: దినగణన

ఇంటికి దూరముగా వ్యాపారమునకై సంచరించునపుడు భోజన, వసతి వ్యయములను తీసివేయుట అమెరికాలో 1921 నుండి చట్టసమ్మతము. ఇల్లు అనగా నివాసగృహము కాదు, ప్రధాన కార్యస్థానము అని అచటి పన్నుశాఖ చిరకాలముగా వ్యాఖ్యానించుచున్నది. మిసిసిపి రాష్ట్రములోని జాక్సన్‌లో నివసించుచు, అలబామాలోని మొబీల్ నగరమున రైల్వేకంపెనీకి న్యాయవాదిగా పనిచేసిన వ్యక్తి తన రాకపోకల ఖర్చును కోరినపుడు, దూరముగా కాపురముండుట ఆయన స్వంత సౌకర్యమే గాని రైల్వేయొక్క యవసరము కాదని 1946లో సుప్రీంకోర్టు తిరస్కరించెను.

దేశములోపలి మిశ్రయాత్రకు అమెరికా నిబంధనలు ప్రధానోద్దేశమును ప్రమాణముగా గొన్నవి. ప్రయాణము ముఖ్యముగా వ్యాపారమునకైనచో రానుపోను చార్జీలు పూర్తిగా చెల్లును. ముఖ్యముగా విహారమునకైనచో చార్జీలలో ఒక్క డాలరును చెల్లదు గాని, గమ్యస్థానమున వ్యాపారమునకై చేసిన విడిఖర్చులు చెల్లును. ప్రధానోద్దేశమును నిర్ణయించుటలో కాలము ముఖ్యప్రమాణము. ఒకవారము పని, ఆపై ఐదువారములు సెలవు గడిపినచో, బలవత్తరమైన నిదర్శనము లేనియెడల, అది విహారయాత్రయే యని నిబంధనలే దృష్టాంతము నిచ్చుచున్నవి.

విదేశయాత్రల విషయమున గణితము మరింత సూక్ష్మము. ఇంటినుండి దూరముగా గడిపిన కాలము ఒకవారము మించనిచో, లేదా స్వకార్యమునకు పోయిన దినములు మొత్తములో నాల్గవవంతుకు తక్కువయైనచో చార్జీలు పూర్తిగా చెల్లును. లేనియెడల సాధారణముగా దినముల దామాషాలో భాగింపవలెను. గమ్యమునకు పోవు, తిరిగివచ్చు దినములు వ్యాపారదినములుగా లెక్కింపబడును. రెండు పనిదినముల నడుమ పడిన శని, ఆదివారములును అట్లే. పని ముగిసిన పిదప ఉండిపోయిన వారాంతము మాత్రము స్వంతఖాతాలోనిదే.

ఇది అమెరికాలోని తెలుగువారికి నిత్యానుభవమైన విషయము. న్యూజెర్సీలో స్వంతముగా సాఫ్ట్‌వేరు కన్సల్టెన్సీ నడుపుకొను ఒకాయన హైదరాబాదులోని ఇంజనీర్ల బృందముతో పనికై వచ్చి, అక్కడనే మేనకోడలి పెండ్లి చూచుకొని తిరిగిపోయెననుకొందము. రానుపోను ప్రయాణమునకు 4 దినములు, నడుమ వారాంతముతో గూడి పనికి 8 దినములు, పెండ్లికిని బంధువులకును 8 దినములు, వెరసి 20. స్వకార్యము నూటికి 40 వంతులగుటచే నాల్గవవంతు హద్దు దాటినది. కావున 1,500 డాలర్ల టికెట్టులో 20కి 12 వంతులు, అనగా 900 డాలర్లు మాత్రమే చెల్లును. పెండ్లికి 3 దినములే కేటాయించి తిరిగిపోయినచో మొత్తము 15లో 3, అనగా నూటికి 20 మాత్రమే యగుటచే 1,500 డాలర్లును చెల్లును. హైదరాబాదులో పనిదినములనాటి హోటలు ఖర్చు రెండుసందర్భములందును చెల్లును. పెండ్లిదినములనాటిది రెంటను చెల్లదు. భోజనవ్యయము పనిదినములనాటిదైనను సాధారణముగా సగమే చెల్లును. ఇదే మనిషి జీతము తీసికొను సాధారణ ఉద్యోగియై, కంపెనీ తిరిగి యియ్యని ఖర్చును తానే భరించినచో ఏమియు చెల్లదు. ఉద్యోగులకు గల ఆ వెసులుబాటును 2017 నాటి చట్టము 2018 నుండి నిలిపివేయగా, 2025 నాటి చట్టము దానిని శాశ్వతముగా తొలగించినది.

భార్యాభర్తల సహప్రయాణమున గూడ అమెరికా చట్టము స్పష్టముగా మాటాడును. వెంట వచ్చిన భార్యగాని, భర్తగాని, సంతానముగాని ఆ వ్యాపారమున ఉద్యోగియై, నిజమైన వ్యాపారకారణముతో వచ్చి, స్వతంత్రముగ వచ్చినను మినహాయింపునకు అర్హులైనపుడు తప్ప వారి ఖర్చు చెల్లదు. 1993లో వచ్చిన ఈ నిబంధన ‘అతిథులను పలుకరించుటకు ఆమె సాయపడినది’ అను పాతవాదమునకు తలుపు మూసినది. ఇద్దరు బసచేసిన హోటలు గదికి సగము వ్రాయనక్కరలేదు. ఒక్కనికే తీసికొన్నచో ఆ గదికి ఎంత అద్దెయగునో అంత వ్రాసికొనవచ్చును. ఓడలపై జరుగు సమావేశములకు ఏటికి 2,000 డాలర్ల పరిమితి కలదు; అదియు అమెరికాలో నమోదైన ఓడయై, అమెరికా రేవులనే తాకినపుడు మాత్రమే. దేశాటనమే విద్య యను వాదముతో చేయు యాత్రలకును, పెట్టుబడులను గూర్చిన ఉపన్యాససభలకు పోవు యాత్రలకును మినహాయింపు లేదు.

భారతదేశము: వ్యాపారి, వృత్తినిపుణుడు

మనదేశమున దినగణన సూత్రము లేదు. 1961 చట్టములోని 37వ సెక్షను ప్రకారము ఖర్చు మూలధనస్వభావము గలది కారాదు, వ్యాపారి స్వంతఖర్చు కారాదు, సంపూర్ణముగను కేవలముగను వ్యాపారప్రయోజనమునకే కావలెను. ఒకప్పుడు ప్రయాణములకును హోటలు బసకును 6-డి నియమము దినసరి పరిమితులు విధించెడిది. 1998 ఏప్రిల్ 1 నుండి అది రద్దయ్యెను. 2005 మొదలు 2009 వరకు అమలైన ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను, టూరు ఖర్చులలో కొంతవంతు స్వకార్యమేయని ముందుగనే ఊహించి యజమానిమీదనే పన్ను వేసినది. ఈ ప్రయోగములు ముగిసిన పిదప ప్రతి ప్రయాణమును దాని గుణముననుసరించి పరీక్షించు పాతపద్ధతియే మరల నిలిచినది. 1961 చట్టము స్థానమున 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చునట్లు చేయబడిన 2025 చట్టము సెక్షన్ల అంకెలను మార్చినను, ఈ మూలసూత్రమును మార్చలేదు. ఆడిటర్ల వాడుకలో పాతసెక్షన్ల అంకెలు సుపరిచితములగుటచే ఇందును అవియే వాడబడుచున్నవి.

గుంటూరు మిర్చి ఎగుమతిదారుడొకడు, తన పేరనే వ్యాపారము చేయువాడు, కొనుగోలుదార్లను కలిసికొనుటకు భార్యతో బాంకాక్ పోయి నాలుగుదినములు బేరసారములు సాగించి, పిదప మూడుదినములు ఫుకెట్ తీరమున గడిపెననుకొందము. అతని గుమాస్తా చిట్టాలో ఈ యాత్రనంతయు ‘విదేశీప్రయాణఖర్చులు’ అని ఒక్కపద్దున వ్రాసినచో అది అధికారి చేతికి ఆయుధము నిచ్చుటయే. సరియైన లెక్క పద్దులవారీగా సాగవలెను: యజమాని బాంకాక్ టికెట్టు, నాలుగుదినముల హోటలు, కొనుగోలుదార్లకు పెట్టిన విందు, దుబాసీకి ఇచ్చిన సొమ్ము వ్యాపారపు పద్దున, భార్య టికెట్టు, ఫుకెట్ విమానము, అచటి బస, ఇంటికి కొన్న వస్తువులు యజమాని స్వంతవాడకపు పద్దున. బేరములే ఆ యాత్రకు ప్రధానకారణమని ఉత్తరప్రత్యుత్తరములు చూపుచున్నచో, యజమాని టికెట్టు పూర్తిగా చెల్లునను వాదము నిలుచును. బేరసారములు నామమాత్రమైనచో టికెట్టుకే మోసము వచ్చును.

భార్య ప్రయాణమునుగూర్చి మన హైకోర్టుల తీర్పులు ఏకముఖముగా లేవు. కంపెనీ డైరెక్టరు భార్య వెంటపోవుటకు వ్యాపారావసరము రుజువు కాలేదని నిరాకరించిన తీర్పులును, డైరెక్టర్లబోర్డు తీర్మానము, ఆహ్వానపత్రికలు, వాణిజ్యమర్యాదల యవసరము చూపినపుడు అనుమతించిన తీర్పులును గలవు. వీటన్నిటినుండి తేలు సారమొకటే: బంధుత్వము మినహాయింపును ఇయ్యదు, హరింపదు, ఆ వ్యక్తి అచట చేసిన పనియే దానిని నిర్ణయించును.

మోటారుకారు విషయమున స్వంతవ్యాపారికిని, కంపెనీకిని భేదము గలదు. యజమాని కారు కొంత వ్యాపారమునకు, కొంత ఇంటికి తిరిగినచో 38వ సెక్షను ప్రకారము తరుగుదలలోను, 37వ సెక్షను ప్రకారము పెట్రోలు, డ్రైవరు ఖర్చులలోను న్యాయమైన వంతు కోతపడును. కంపెనీ కృత్రిమవ్యక్తి యగుటచే దానికి స్వంతవాడకమనునది లేదనియు, డైరెక్టరు వాడుకొన్నది ఆయన జీతములో సౌకర్యముగా లెక్కింపవలసినదే గాని కంపెనీ ఖర్చును తగ్గించుటకు కారణము కాదనియు గుజరాత్ హైకోర్టు సయాజీ ఐరన్ కేసున తీర్పు చెప్పినది.

44-ఏడీ, 44-ఏడీఏ సెక్షన్ల క్రింద మొత్తపు రాబడిలో నిర్ణీతశాతమును లాభముగా ఒప్పుకొను చిన్నవర్తకులు, వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు ప్రయాణఖర్చును వేరుగా కోరుటకు వీలులేదు. వృత్తినిపుణునికి రాబడిలో సగమే లాభమని భావింపబడునపుడు, మిగిలిన సగములో అతని రైలుచార్జీలును, హోటలు బిల్లులును కలిసియే యున్నవని చట్టముయొక్క యూహ. అట్టివారు మిశ్రయాత్ర లెక్కలతో తల బద్దలు గొట్టుకొన నక్కరలేదు.

వేతనజీవి: టూరు, పొడిగింపు, ఎల్.టి.సి.

ఉద్యోగికి కంపెనీ ఇచ్చు టి.ఏ., డి.ఏ.లు నిజముగా టూరునకై వ్యయమైనంతవరకు 10(14) సెక్షను ప్రకారము పన్నులేనివి. టూరున స్వకార్యము కలిసినపుడు వర్తించునది 1962 నాటి నియమావళిలోని 3వ నియమము. ఈ నియమము రెండు సందర్భములను విడదీసినది. అధికారికమైన టూరులో కుటుంబసభ్యుడు వెంటవచ్చి, అతని ఖర్చును కంపెనీ భరించినచో, ఆ మొత్తము ఉద్యోగి జీతములో చేరును. టూరును సెలవుగా పొడిగించినచో పొడిగించిన కాలమునకైన ఖర్చు మాత్రమే చేరును. హైదరాబాదులోని సాఫ్ట్‌వేరు ఇంజనీరును కంపెనీ ఐదుదినముల పనికి సింగపూరు పంపగా, అతడు మరి నాలుగుదినములు కంపెనీ లెక్కలోనే హోటలులో నిలిచినచో, ఆ నాలుగుదినముల బిల్లుమీద పన్ను పడును, టికెట్టుమీద పడదు. ఆ నాలుగుదినముల ఖర్చును తన జేబునుండి పెట్టుకొన్నచో పన్ను ప్రశ్నయే ఉదయింపదు.

సెలవుయాత్రకు చట్టమే ఇచ్చిన రాయితీ 10(5) సెక్షనులోని ఎల్.టి.సి. నాలుగు క్యాలెండరు సంవత్సరముల బ్లాకులో రెండు ప్రయాణములకు, అదియు భారతదేశములోపలి ప్రయాణపు చార్జీలకు మాత్రమే, దగ్గరి మార్గమును పట్టి విమానపు ఎకానమీ తరగతిని మించకుండ ఇది లభించును. హోటలు, భోజనములు చేరవు. కొత్తపన్ను విధానమును ఎంచుకొన్నవారికి ఈ రాయితీ లేదు. దీనితో విదేశవిహారమును కలిపిన ఉదంతమొకటి సుప్రీంకోర్టు వరకు పోయినది. స్టేట్‌బ్యాంకు ఉద్యోగుల ఎల్.టి.సి. యాత్రలలో ఒకటి ఢిల్లీనుండి మదురైకి, అటనుండి కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా మరల కొలంబో చేరి ఢిల్లీకి సాగినది. గమ్యము మదురై యనియు, మదురైకి దగ్గరిదారి చార్జీని మించి ఇయ్యలేదనియు బ్యాంకు వాదించెను. ఎల్.టి.సి. దేశములోని ఒకచోటనుండి మరియొకచోటికి పోవుటకే గాని విదేశములు చుట్టుటకు కాదని, దగ్గరిదారి కాక దూరపుదారి పట్టుటయు నియమవిరుద్ధమని 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పన్ను మినహాయించుకొనని లోపమును బ్యాంకుమీదనే నిలిపెను.

డీలర్ల సమావేశములు, వైద్యుల యాత్రలు

సిమెంటు, పురుగుమందులు, ఎలక్ట్రానిక్ వస్తువుల కంపెనీలు తమ డీలర్లను గోవాకో, బాలికో, దుబాయికో తీసికొనిపోవుట వ్యాపారలోకమున పరిపాటి. ఇందలి విహారాంశమును పట్టుకొనుటకు 194-ఆర్ సెక్షను 2022 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. ఏడాదికి 20,000 రూపాయలు మించిన లాభమునో, సౌకర్యమునో వ్యాపారసంబంధమున ఇచ్చువారు నూటికి 10 వంతుల పన్నును ముందుగనే కట్టవలెను. 2022 జూన్ నాటి సర్క్యులరు ప్రకారము కొత్తసరకును పరిచయము చేయుటకు, అమ్మకపు మెలకువలు నేర్పుటకు జరుపు సమావేశపు ఖర్చు సౌకర్యము కాదు. అందలి విహారభాగము, వెంటవచ్చిన కుటుంబసభ్యుల ఖర్చు, సభాదినములకు ముందుగాని వెనుకగాని అదనముగా ఉన్న దినముల ఖర్చు మాత్రము సౌకర్యమే. ఇంత బిగువు ఆచరణసాధ్యము కాదని తోచుటచే, సభకు ముందొక దినము, పిదప నొక దినము అదనపు బసగా ఎంచరాదని 2022 సెప్టెంబరులో మరియొక సర్క్యులరు సడలించెను. దినగణనకు ఎడమైన మన చట్టమున దినములను లెక్కించిన అరుదైన సందర్భమిది.

వైద్యులకు మందులకంపెనీలు ఏర్పరచు యాత్రల విషయము వేరు. కంపెనీలనుండి ప్రయాణసౌకర్యములు, ఆతిథ్యము స్వీకరించుట వైద్యమండలి నియమములకు విరుద్ధము. నిషిద్ధమైనదానిని ఇచ్చుటయు వ్యాపారఖర్చుగా చెల్లదని 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసున సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఇచట ఉద్దేశము వ్యాపారమే యగుటలో సందేహము లేకున్నను, చట్టవిరుద్ధత మినహాయింపును హరించినది.

నిదర్శనములు

బ్రాడ్‌వే నటుడును, నిర్మాతయు నగు జార్జి ఎం. కోహన్ తన ప్రయాణ, విందు ఖర్చులకు లెక్కలు వ్రాసికొనలేదు. అధికారులు మొత్తము తిరస్కరింపగా, 1930లో న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ కొంతయైనను ఖర్చైన మాట నిశ్చయము గాన ఉజ్జాయింపుగ కొంత అనుమతింపవలెననెను. ముప్పదియేండ్లు పన్నుదారులకు ఆశ్రయమైన ఈ తీర్పును ప్రయాణవ్యయముల మట్టుకు అమెరికా కాంగ్రెసు 1962లో తొలగించినది: మొత్తము, కాలము, స్థలము, వ్యాపారకారణము, ఈ నాలుగును రుజువుకానిదే నేడు అచట ఏమియు చెల్లదు.

మనదేశమున అట్టి ప్రత్యేకసూత్రము లేకున్నను రుజువుభారము పన్నుదారుని మీదనే యున్నది. నగదుగా ఒకేదినమున ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి చెల్లించిన ఖర్చు, వ్యాపారమునకే యైనను, 40-ఏ(3) సెక్షను ప్రకారము సాధారణముగా చెల్లదు. ట్రావెల్ ఏజెంటునకు నోట్లకట్ట నిచ్చి టికెట్లు కొనువారు దీనిని మరువరాదు. ఆడిట్ జరుగు లెక్కలలో లాభనష్టాల ఖాతాకు వ్రాసిన స్వంతస్వభావపు ఖర్చును ఆడిటరు 3-సిడి ఫారములో వేరుగా చూపవలెను. వోచర్లు అసంపూర్ణముగా నున్నపుడు అధికారులు నూటికి పదియో, ఇరువదియో వంతులు గుత్తగా కోయుట కద్దు. ఏ ఖర్చు ఏ కారణమున చెల్లదో చెప్పక చేసిన ఇట్టి కోతలను ట్రిబ్యునళ్ళు పలుమారులు కొట్టివేసినవి గాని, ట్రిబ్యునలు వరకు పోవుటకగు కాలము, వకీలు ఫీజు మిర్చి వ్యాపారి లాభమునుండియే పోవును.

నమ్మదగిన నిదర్శనము ఆ ప్రయాణముతో బాటే పుట్టినదే. కొనుగోలుదారుని ఆహ్వానపు ఉత్తరము, సభాకార్యక్రమము, కలిసినవారి పేర్లతో దినచర్య, బోర్డింగ్ పాసులు, హోటలు బిల్లు, తిరిగివచ్చిన పిదప వ్రాసిన నివేదిక, దానివలన వచ్చిన ఆర్డరు ఇవన్నియు కలిసి ఆ యాత్ర కథను చెప్పును. వ్యాపారము ఫలింపకపోయినను మినహాయింపు చెడదు; ఫలింపని బేరమును ఖర్చే. ఐ.టి. నోటీసు వచ్చిన పిదప వ్రాసిన దినచర్య మాత్రము ఎవరిని నమ్మింపజాలదు.

మూడుదేశముల చట్టములను పరిశీలించినచో, పనిమీద పోయినవాడు సముద్రము చూడరాదనిగాని, బంధువులయింట భోజనము చేయరాదనిగాని ఏచట్టమును అనలేదు. స్వకార్యపు ఖర్చును వ్యాపారపు పద్దున వ్రాయుటను మాత్రమే అవి నిషేధించినవి. కావున మిశ్రయాత్రకు బయలుదేరువాడు టికెట్టు కొనకముందే రెండుపద్దులు తెరచి, పోయిన కారణమును ఆనాడే కాగితముమీద నుంచుట మేలు. సందేహమున్న ఖర్చును స్వంతపద్దుననే వ్రాసికొనుట మరింత మేలు.